మూడు దెబ్బలకు జవాబు

పెద్దల్లుడు పానా భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడంటే ఊరికి నీళ్ళొచ్చినట్టే. ఇరవై ఆరేళ్ళలో ఒక్క రోజు నాగా లేదు. ఒళ్ళు పెనంలా కాలుతున్నా వచ్చాడు. గాలివాన కరెంటు స్తంభాలను పీకి పారేసిన రోజున పీకల్లోతు వరదలో పానా పళ్ళతో కరిచిపట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. ఏడుగురు వస్తాదులకు లొంగని తుప్పు వాల్వును ఎడమచేత్తో, అదీ ఆవలిస్తూ తిప్పేశాడు. చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అడగండి.

పానా అంటే వాల్వు తిప్పే ఇనప కడ్డీ, మూరెడు పొడుగు. దాంతో మాట్లాడటం ఇద్దరల్లుళ్ళకీ నేర్పింది అంతకుముందు ఊరికి నీళ్ళు వదిలిన మామగారే. వాల్వు దగ్గరున్నవాడు గొట్టం మీద మూడు దెబ్బలు కొడితే "వదలనా?" అని అడిగినట్టు. అవతలి కొస నుంచి ఒక దెబ్బ వినబడితే "వదులు" అని. రెండయితే "ఆగు" అని. మైలు దూరమైనా ఇనుము ఆ మాట మోసుకుపోతుంది. పెద్దల్లుడికి ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. నిద్రలో ఎక్కడన్నా మూడు చప్పుళ్ళు వినబడితే చాలు, చెయ్యి దానంతటదే మంచంకోడు మీద ఠంగుమని ఒక్కటి వేసేది. పక్కనున్న భార్య ఉలిక్కిపడి లేచి తిట్టి పడుకునేది.

అలాంటివాడి బతుకులోకి కొత్త ట్యాంకు వచ్చింది. తెచ్చినవాడు చిన్నల్లుడు, అంటే స్వయానా తోడల్లుడు. మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, నీళ్ళు శుభ్రం చేసే యంత్రం పెట్టించి, ఇంటింటికీ కుళాయి వేయించాడు. పెద్దల్లుడు ఇన్నాళ్ళూ వదిలిన పాత బావి నీళ్ళకు పిల్లల పళ్ళు గారపట్టాయి, పెద్దవాళ్ళ కీళ్ళు బిగుసుకుపోయాయి. అందరికీ తెలిసిన సంగతే. పెద్దల్లుడికి మాత్రం ఆ మాట ఎవరన్నా చెవిలో సీసం పోసినట్టే.

"మరిది నీళ్ళు తాగితే కొన్నాళ్ళకి ఈ మోకాళ్ళ నొప్పి తగ్గుతుందట. డాక్టరమ్మ చెప్పింది" అంది భార్య, ఆ పొద్దున గోడ పట్టుకుని లేస్తూ.

"ఇన్నాళ్ళూ నేనిచ్చినవి నీళ్ళు కావా?"

"నీళ్ళే. అందుకే ఇలా గోడ పట్టుకుంటున్నాను."

"ఏమిటే ఆ నవ్వు?"

"మానేస్తానులెండి. మీరు నన్ను నవ్వించి ఎన్నాళ్ళయిందో ముందు చెప్పండి."

అంతలో చిన్నల్లుడు గుమ్మంలోకి వచ్చాడు. "అన్నయ్యా, పాత బావి నీళ్ళు ఇక చేలకు వదిలేద్దాం. ఆ కాలువ నువ్వే చూసుకోవాలి. నీ చెయ్యి పడితేనే చివరి మడి దాకా తడుస్తుంది. సాయంత్రం నాలుగింటికి ట్యాంకు దగ్గరికి తప్పకుండా రా. నీతో పనుంది."

"ఏం పని? చప్పట్లు కొట్టడమా?"

చిన్నల్లుడు నవ్వి వెళ్ళిపోయాడు. మరదలు మొగుణ్ణి చూసుకుని మురిసిపోవడం, వీధిలో జనం వాణ్ణి ఆపి ఆపి పలకరించడం, ఇప్పుడు సొంత పెళ్ళాం గోడ పట్టుకుని నవ్వడం... పెద్దల్లుడి కడుపులో నిప్పు రాజుకుంది. ఆ మంట మీద వంద మందికి వంట చేయొచ్చు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరంతా తలుపులేసుకుని కునుకు తీస్తుంటే, పాత బావి అడుగున దేవిన నల్లటి బురద ఒక డబ్బాకెత్తుకుని, అలవాటుగా పానా భుజాన వేసుకుని ట్యాంకు మెట్లెక్కాడు. చెప్పులు కింద విడిచాడు. ఎనభై మెట్లు. ఊపిరి కూడా పెరగలేదు.

ట్యాంకు కడిగి ఆరబెట్టి ఉంది. అడుగున చిన్న గుంట, ఆ గుంటలోంచే గొట్టం. యంత్రం నుంచి నీళ్ళు పైకెక్కేదీ, ఊళ్ళోకి దిగేదీ ఆ ఒక్క దారినే. అందులో ఈ బురద పోస్తే సాయంత్రం మొదటి బిందెలోనే కంపు కొడుతుంది. ఎవరూ చచ్చిపోరు. మొహాలు మాత్రం చిట్లిస్తారు. ఆ మొహాలు చాలు తనకి.

మూత తెరిచి ఇనప నిచ్చెన దిగాడు. పన్నెండు మెట్లు. లోపల కొత్త సిమెంటు వాసన, సున్నం వాసన. పైనుంచి పళ్ళెమంత వెలుగు పడి నేల మీద గుండ్రంగా నిలబడింది. దాని చుట్టూ చీకటి. అడుగేస్తే ఆ చప్పుడు గోడ దాకా వెళ్ళి, కాస్త ఆలస్యంగా, ఇంకెవరో నడుస్తున్నట్టు తిరిగొచ్చేది. డబ్బా గుంటలో వంచాడు. బురద గొంతు దిగినట్టు దిగింది.

అప్పుడు వినబడింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

గొట్టంలోంచి.

చెయ్యి దానంతటదే లేచింది. పానా గొట్టం అంచు మీద పడింది. ఒకే ఒక దెబ్బ.

*వదులు.*

కొట్టాక గాని తెలివి రాలేదు. లోపలున్నది తను. వదలమన్నదీ తనే. నీళ్ళొస్తే పది నిమిషాల్లో తల మునుగుతుంది. రెండు కొడదామని పానా ఎత్తాడు...

నీళ్ళు రాలేదు.

గుంటలో బురద ఒకసారి ఉబికింది. పాత బావి వాసన గుప్పుమంది, పాచి, తుప్పు, ఏళ్ళ తరబడి ఎండ చూడని రాళ్ళ వాసన. తర్వాత తడి పాదాల చప్పుడు. చప్... చప్... ఈసారి తను నడవడం లేదు. తను ఊపిరే తీయడం లేదు.

అది అతని పక్కనుంచే వెళ్ళింది. భుజానికి భుజం రాసుకుంది. నానిన గోనెసంచిలా చల్లగా. నిచ్చెన కిర్రుమంది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. పైనున్న వెలుగులోకి దాని వీపు వచ్చింది.

చొక్కా తనది. కుడి భుజం దగ్గర చిరుగు, దానికి నీలం దారంతో భార్య వేసిన కుట్టు...

మూత పడింది. పైన గడియ బిగిసింది.

పెద్దల్లుడు అరిచాడు. ఇరవై ఆరేళ్ళు ఒక్క కేకతో నాలుగు వీధుల్ని లేపిన గొంతు అది. ఇప్పుడు నోట్లోంచి గుటగుటమని చప్పుడు వచ్చింది, అంతే. పాక్కుంటూ నిచ్చెనెక్కి పానాతో మూతను కొట్టాడు. మూడు దెబ్బలు. మళ్ళీ మూడు. ఎంతసేపో తెలియదు.

చివరికి మూత తెరుచుకుంది. ఎండ కళ్ళలో పొడిచింది. చిన్నల్లుడి మొహం జానెడు దూరంలో ఉంది. వాడి చెమట వాసన కూడా తెలుస్తోంది. పెద్దల్లుడు చెయ్యి చాచాడు.

చిన్నల్లుడు ఆ చేతిలోంచే లోపలికి తొంగి చూశాడు. అటూ ఇటూ చూశాడు.

"ఎవరూ లేరన్నయ్యా" అన్నాడు వెనక్కి తిరిగి. "గొట్టంలో గాలి."

"గాలే అయుంటుంది తమ్ముడూ" అంది వాడి వెనక నుంచి ఒక గొంతు. తన గొంతే. "మూసేయ్. దుమ్ము పడుతుంది."

మళ్ళీ చీకటి.

ఆ తర్వాత గొట్టమే అతనికి చెవి అయింది. గుంట దగ్గర బోర్లా పడుకుని విన్నాడు. కింద జనం చేరుతున్నారు. బిందెలు గలగలమంటున్నాయి. చిన్నల్లుడు మాట్లాడుతున్నాడు.

"ట్యాంకులోకి మొదటి నీళ్ళు ఎవరు వదలాలో మొదట్నించీ నా మనసులో ఉంది. పొద్దున చెబితే మొహమాటపడి రాడని చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు మన గొంతు తడిపిన చెయ్యి అది. రా అన్నయ్యా, పట్టు."

చప్పట్లు. ఒకటా రెండా, వాన పడ్డట్టు.

"పనుందన్నావు, ఇదా?" అంది తన గొంతు. "నాదేముంది తమ్ముడూ. నువ్వు తెచ్చిన నీళ్ళు. ఇదిగో, మా ఆవిడ బిందె ముందు పెట్టండి. ఈ నీళ్ళతో మోకాళ్ళు బాగుపడితే నాకంటే ముందు పరిగెత్తి పుట్టింటికి పోతుంది."

భార్య నవ్వింది. గోడ పట్టుకుని నవ్వే నవ్వు కాదు. పెళ్ళయిన కొత్తలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు. ఆ నవ్వు తనకి రావలసింది. ఆ చప్పట్లూ తనకే. చచ్చిపోతానన్న భయం కంటే ముందు ఆ మంటే గుండెను కాల్చింది. చిన్నల్లుడి మీద ఎన్నడూ పడనంత కుళ్ళు, తన మీద తనకే...

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

*వదలనా?*

పెద్దల్లుడు పానా ఎత్తి గొట్టం మీద కొట్టాడు. రెండు. మళ్ళీ రెండు. ఆగు. ఆగు. చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. చప్పుడు రాలేదు. ఇనుము ఇనుముకు తగులుతోంది, దూది మీద దూది పడ్డట్టు.

కింద జనం మాటలాపారు. జవాబు కోసం అందరూ చెవులొగ్గారు.

అతను పానాను గుండెలకు అదుముకుని, కదలకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. జవాబు లేకపోతే వదలరు. అది మామగారి కట్టుబాటు. జవాబు లేకపోతే...

అతని వెనక, చీకట్లో, ఎవరో తడి కాలు తీసి తడి కాలు వేశారు.

తర్వాత, చెవి పక్కనే, ఒకే ఒక దెబ్బ.