రేకు మీద ఊపిరి

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో పని జరిగినంతసేపూ ఫ్యాను తిరగదు. ఉల్లిపొర కంటే పల్చని రేకు, పక్కన మనిషి గట్టిగా ఊపిరి వదిలినా లేచిపోతుంది. అందుకే తులసి ఎంత ఉక్కగా ఉన్నా పెరటి వంటగది తలుపులు మూసి, ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని కూర్చుంటుంది. అత్తగారు మాణిక్యమ్మ నేర్పిన పద్ధతే అది.

ఆ మాణిక్యమ్మే మొన్న వేసవిలో ఇదే పొయ్యి దగ్గర, ఎదురుపీట మీద కూర్చుని, ఆయాసం ఆగక ప్రాణం వదిలింది. అప్పట్నించీ రేకులు తీసే బోర్లించిన కుండ ముందుకొస్తే తులసికి గుండె దడ. ఎదురుగా ఎవరో ఉన్నారని అనుమానం. పక్కింటి మాధురేమోనని తలెత్తితే, పీట ఖాళీ. మస్కట్‌లో ఉన్న మొగుడు కనకరాజు ఫోనులో విసుక్కున్నాడు.

"ఇలాగైతే గాయత్రిని మా అక్క దగ్గరికి పంపేద్దాం. నువ్వే వణికిపోతుంటే పిల్ల ఏం పెరుగుద్ది?"

కూతురు లేని ఇల్లు తలుచుకుంటే తులసికి దెయ్యమే నయమనిపించింది. అమలాపురం వెళ్ళి డాక్టరమ్మకి అంతా చెప్పుకుంది.

"రేకు తీసేటప్పుడు మీ చెయ్యి మిమ్మల్ని అడుగుతుందా?" అందావిడ.

"లేదండి. దాని పని అది చేసుకుపోద్ది."

"లోపలి మనసూ అంతే. ఆ రోజు చూసింది దాచుకుని, పొగ వాసన తగిలితే చాలు, భయం బయటికి తీస్తోంది. పారిపోకండి. అక్కడే కూర్చుని నిండా పీల్చి, పైకి వినపడేలా నెమ్మదిగా వదలండి. వినగా వినగా అదే నేర్చుకుంటుంది."

"ఆయ్," అంది తులసి.

రోజూ పనయ్యాక కుండ ముందు అలాగే చేసింది. దడ తగ్గింది. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. తను ఆపేశాక కూడా ఆ ఊపిరి చప్పుడు కాసేపు సాగుతున్నట్టుండేది. మంట చప్పుడని సరిపెట్టుకుంది. నమ్మాలనుకున్న మనిషికి కారణాలు కరువా?

ఓ సాయంత్రం ముసురు పట్టింది. వంటగది నిండా పొగ, తడి మట్టి, పిండి పులుపు కలిసిన వాసన. కొబ్బరి మట్టలు అయిపోతే తులసి వసారాలోకి వెళ్ళింది. అక్కడ గాయత్రి నాన్నతో ఫోనులో కబుర్లాడుతోంది. తులసి రెండు చేతులా మట్టలు తెచ్చుకుని, లోపలికొచ్చి భుజంతో తలుపు నెట్టి మూసింది.

ఎదురుపీట ముందు పళ్ళెం ఉంది. అందులో ఒక రేకు.

తను పెట్టలేదు. కుండ మీంచి తీసిన రేకు క్షణంలో చల్లారుతుంది. దీని మీద ఇంకా ఆవిరి... పిండి గిన్నె నుంచి పీట దాకా తెల్లటి చుక్కలు.

లోపలి మనసు... నా చెయ్యే తీసిందేమో... అనుకుంది. ఆ చేతుల్లో మట్టలున్నాయి.

"అమ్మా," తలుపవతలి నుంచి గాయత్రి. "నాన్న అడుగుతున్నారు. భయం తగ్గిందా అని."

అరిచిందా, రేపే పిల్లని తీసుకుపోతారు. తులసి రేకు మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది.

"తగ్గిందని చెప్పమ్మా."

ఊపిరి బిగబట్టింది. తలుపులు మూసే ఉన్నాయి. గాలి లేదు.

రేకు అంచు లేచింది. కాసేపు అలాగే నిలిచి... వాలింది.

మళ్ళీ లేచింది. ఆయాసం లేకుండా, నెమ్మదిగా, డాక్టరమ్మ చెప్పినట్టే.