మాణిక్యాంబ గారి వడ్డన

ఆత్రేయపురం దాటి ఏటిగట్టు దిగితే గోదారి నడుమ ఒక లంక. ఆ లంక మొదట్లో పాత రేవు, రేవు మీద ఓ పాడుబడ్డ మేడ. పొద్దుగూకాక ఆ పక్కగా వెళ్ళేవాళ్ళు ఒక మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని వెళ్తారు. దేవుడి పేరు కాదండోయ్. "అయ్యిందండీ" అనే మాట.

ఎందుకంటే మేడ మీంచి ఎవరో అడుగుతారు... మెల్లిగా, మర్యాదగా —

"భోంచేశారా అండీ?"

వంతెన రాకముందు అక్కడ మాణిక్యాంబ గారని ఒకావిడ మెస్సు నడిపేది. కింద భోజనాలు, పైన పడకలు. ఏరు దాటించే పంటు దిగినవాళ్ళందరికీ ఆవిడ చేతి అన్నమే. వంతెన కట్టారు, పంటు ఆగింది, జనం రావడం మానేశారు. ఆవిడ వండటం మాత్రం మానలేదు. రోజూ వండి, ఆకులు వేసి, రేవు వైపు చూస్తూ కూర్చునేదిట. అలా చూస్తూ చూస్తూనే ఓ సాయంత్రం... అంతే.

అప్పట్నించీ అడుగుతోంది. "అయ్యిందండీ" అంటే వదిలేస్తుంది. "లేదండీ" అన్నారో — కూర్చోబెట్టి వడ్డిస్తుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఆగదు. లేవనివ్వదు. అలా తిని పోయినవాడి పేరు ఒక్కటి చెప్పమంటే ఎవరూ చెప్పరు, అది వేరే సంగతి. మా వైపు దెయ్యాలకి కూడా మర్యాద ఎక్కువండి. చంపినా పెట్టే చంపుతాయి.

ఈ కథ గున్నేశ్వరరావు గారికీ తెలుసు. నవ్వేవారు. టౌన్లో ఆయనది హోల్‌సేల్ కిరాణా. మహా నిష్ఠాపరులు. కోడిగుడ్డు తినడం మాట అటుంచండి, గుడ్లు అమ్మే కొట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు.

మొన్న వానలకి ఆయన గోడౌన్ కప్పు కారి బియ్యం బస్తాలు తడిశాయి. ఆరబెట్టేసరికే ముక్కిపోయాయి. ఏ హోటలువాడూ తీసుకోలేదు. సరిగ్గా అప్పుడే గోదారికి వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో వినగానే గున్నేశ్వరరావు గారిలో దయ పొంగుకొచ్చింది.

పెరట్లో పొయ్యిలు పెట్టించి పులిహోర కలిపించారు. భార్య సత్యలక్ష్మి గారు గరిటె పట్టుకునే ముక్కు మూసుకుంది.

"ఏమండీ... ముక్కిన వాసన కొడుతోందండీ. చిన్నపిల్లలు కూడా తింటారు."

"ఆకలి రుచెరుగదే పిచ్చిదానా! ఇంగువ ఇంకాస్త దట్టించు."

దట్టించింది. ఏం చేస్తుంది మరి? ప్రతి ప్యాకెట్టు మీదా ఆయన చేతులు జోడించి నవ్వుతున్న స్టిక్కరు అంటించారు. తనకి మాత్రం వేరే క్యారేజీ — పెరుగన్నం, గోంగూర పచ్చడి. ఆయన బయట తిండి ముట్టరు కదా!

లంకలో జనం అప్పటికే మూటాముల్లె సర్దుకుని పడవల కోసం నిలబడి ఉన్నారు. పెద్దమనిషి ఇంత దూరం వచ్చి ఇస్తుంటే వద్దంటారా? మొహమాటానికి రెండు చేతులూ చాచి పుచ్చుకున్నారు. ఫొటోకి నవ్వారు. చంటిబిడ్డని చంకనేసుకున్న ఒక తల్లిని, ఫొటో సరిగ్గా రాలేదని, అదే ప్యాకెట్టు రెండుసార్లు అందుకునేలా చేశారు.

"తర్వాత తింటామండీ," అన్నారందరూ. మా వైపు ఆ మాటంటే 'వద్దు' అనేనని ఆయనకీ తెలుసు. ఆయనా గోదారోడే.

అక్కడితో పడవెక్కేస్తే ఈ కథే లేదు. "ఒక్క నిమిషం!" అని ఆయన మేడ అరుగెక్కారు. వెనకాల ఎర్రటి గోదారి, పక్కన తన పేరున్న బ్యానరు, మధ్యలో తాను... ఒక్క సెల్ఫీ. చెయ్యి చాపారు. ఫోను జారింది. బుడుంగుమంది.

ఆయన అరుగు మీద వంగి ఫోను కోసం వెతుకుతుండగా జనాన్ని ఎక్కించుకున్న రెండు పడవలూ కదిలిపోయాయి. మొదటి పడవ వాళ్ళు ఆయన రెండోదాంట్లో ఉన్నారనుకున్నారు. రెండో పడవ వాళ్ళు మొదటిదాంట్లో ఉన్నారనుకున్నారు. పెరుగన్నం క్యారేజీ మాత్రం భద్రంగా అవతలి గట్టుకి చేరింది.

అరిచారు. గోదారి హోరులో ఆ అరుపు ఎవరికి వినపడుతుంది? నీళ్ళు అరుగెక్కాయి. ఆయన మేడెక్కారు.

పైన పెద్ద హాలు. విరిగిన మంచాలు, గబ్బిలాల కంపు. హాలు చివర ఒక తలుపు... లోపల్నించి గొళ్ళెం వేసి ఉంది.

లోపల్నించి... గొళ్ళెం!

గున్నేశ్వరరావు గారు ఆ తలుపుకి వీలైనంత దూరంగా, కిటికీ కింద కూలబడ్డారు. చీకటి పడింది. తలుపవతల ఎక్కడో — ఘల్... ఘల్... అని మువ్వ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. తర్వాత సన్నగా, చెవి దగ్గరే అన్నట్టు —

"భోంచేశారా అండీ?"

కడుపులో పేగులు అరుస్తున్నాయి. అయినా పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అలవాటైన మాట తనంతట తనే బయటికొచ్చేసింది.

"అయ్యిందండీ... ఇప్పుడే... ఫుల్లుగా..."

గొంతు మళ్ళీ రాలేదు.

భయం పోలేదు గానీ, కాసేపటికి భయం పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. నామోషీ. ఒక్కసారి అడిగి ఊరుకోవడమేంటి? "అయ్యో, మొహమాటపడకండి, ఒక్క ముద్ద!" అని రెండోసారి అనొద్దూ? మూడోసారి చెయ్యి పట్టుకుని లాగొద్దూ? దెయ్యమైతే మాత్రం, గోదారి జిల్లా దెయ్యం కాదూ? ఆకలితోనూ, ఆ అవమానంతోనూ ఆయనకి కన్ను మూతపడలేదు.

తెల్లారింది. ఎటు చూసినా నీళ్ళే. పడవ జాడ లేదు. మధ్యాహ్నానికి కళ్ళు తిరగడం మొదలైంది. హాలంతా వెతికారు. ఓ మూల గంపలో ఒక కోడిపెట్ట కూర్చుని ఉంది. ఈయన్ని చూసి కొక్కొక్కో అంటూ లేచి అటకెక్కింది. గంపలో... గుడ్డు.

గున్నేశ్వరరావు గారు గుడ్డు చేతిలోకి తీసుకున్నారు. వెచ్చగా ఉంది. చుట్టూ చూశారు. ఎవరూ లేరు. గుడ్డు శాకాహారమేనని ఈ మధ్య టీవీలో ఎవరో డాక్టరు కూడా అన్నట్టు గుర్తు. ఆపద్ధర్మం అని శాస్త్రమే చెప్పింది. ప్రాణం నిలిస్తేనే కదా నిష్ఠ నిలిచేది! గోడకేసి కొట్టబోయారు...

టక్... టక్...

లోపల్నించి ఏదో పొడుస్తోంది. చెవి దగ్గర పెట్టుకున్నారు. 'కీచ్' మంది.

నానా మాటలు చెప్పుకున్నారు గానీ, ఆ కీచుమన్న గొంతు విన్నాక చెయ్యాడలేదు. గుడ్డు మెల్లిగా గంపలో పెట్టేసి, పెట్ట దిగొచ్చేదాకా దూరంగా నిలబడ్డారు. అంత మంచితనం తనలో ఉందని ఆయనకే తెలీదు పాపం. ఎవరూ ఫొటో తియ్యలేదు కూడా.

మళ్ళీ పొద్దుగూకింది. ఈసారి మువ్వ కంటే ముందు వాసనొచ్చింది. తలుపు సందుల్లోంచి... ఉడుకుతున్న అన్నం ఆవిరి... దాని వెనకే తాలింపులో ఎండురొయ్యలు, వంకాయ. జన్మలో ఎన్నడూ నోట పెట్టని కూర వాసనకి ఆయన నోట్లో నీళ్ళూరాయి. సిగ్గుతో కళ్ళలోనూ ఊరాయి.

ఘల్... ఘల్...

"భోంచేశారా అండీ?"

నాలుక మీదికి "అయ్యిందండీ" వచ్చేసింది. పళ్ళు బిగించి ఆపారు. పోతే పోనీ. లేవనివ్వకపోతే పోనీ. తినే చద్దాం.

"లేదండీ!" అని బావురుమన్నారు. "నిన్నట్నించీ లేదండీ! నిన్న అబద్ధం చెప్పానండీ!"

గొళ్ళెం తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంది. లాంతరు పట్టుకుని, నెత్తిన ముసుగేసుకున్న ఒక ముసలావిడ వచ్చింది. ఆయన ముందు అరిటాకు పరిచి నీళ్ళు చిలకరించింది. ఆవిడ వెనక, చీకటి గదిలో, పొయ్యి మీద దాకలో కూర కుతకుతలాడుతోంది. ఆయన దాన్నే చూస్తున్నారు.

"అమ్మా... ఆ... మీరు వండుకున్నదే... కాస్త..."

"అయ్యో, ఎంత మాట బాబు గారూ!" అంది గొంతు. "మీ నిష్ఠ నాకు తెలీదా? మా నీచు కూడు మీకు పెట్టి ఆ పాపం నేను మూటగట్టుకుంటానా? మీకు వేరే దాచానండి. మీ ఇంటి వంటే."

ముసలావిడ వంగి ఆకులో ఒక ప్యాకెట్టు పెట్టింది. లాంతరు వెలుగులో... చేతులు జోడించి నవ్వుతున్న మొహం. ఆయన మొహమే.

"లంకలో ఒక్కరూ తినలేకపోయారండి. పారేస్తే మీరేమనుకుంటారోనని మొహమాటపడి గోడ మీద పెట్టి పోయారు. మేకకి వేశాం. అన్నీ తినే మేక... మూతి తిప్పుకుంది."

ప్యాకెట్టు విప్పారు. రెండు రోజుల ఉక్కలో అది పొంగి నురగ కట్టింది. ఇంగువ, దాని కింద ముక్కిన కంపు. ఆయన తలెత్తలేదు. ఎత్తే ధైర్యం లేదు.

"తినండి బాబు గారూ." గొంతు ఇంకా మెత్తబడింది. "ఆకలి రుచెరుగదు కదా... ఇంగువ కూడా ఇంకాస్త దట్టించమన్నారు. పాపం, సత్యలక్ష్మి గారు అప్పటికీ చెప్పింది... చిన్నపిల్లలు తింటారని."

ఆ మాట తన పెరట్లో, తన భార్యతో, పొయ్యి దగ్గర అన్నది. మూడో మనిషి లేదు.

తిన్నారు. ఏం చేస్తారు మరి? ప్యాకెట్టు అందుకుని నవ్విన ఆ చంటిబిడ్డ తల్లి కళ్ళ ముందు మెదిలింది. ఈ ముద్ద ఆ బిడ్డ నోట్లోకి వెళ్ళి ఉంటే... ఆయనకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. చేతి పక్కనించే ఇంకో ప్యాకెట్టు వచ్చి పడింది. నవ్వుతూ.

పొద్దున్న వరద కాస్త తీసింది. యుగంధర్ అనే కుర్రాడు ఇంజన్ పడవలో ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చేసరికి గున్నేశ్వరరావు గారు కిటికీకి వేలాడుతూ వాంతులు చేసుకుంటున్నారు.

ఆయన్ని దింపి పడవలో పడుకోబెట్టారు. తర్వాత యుగంధర్ మళ్ళీ పైకెళ్ళి ముసలావిడనీ, కోడి గంపనీ, మెళ్ళో మువ్వ కట్టిన ఒక మేకనీ దింపుకొచ్చాడు. మువ్వ ఘల్లుమంది.

గున్నేశ్వరరావు గారు లేచి కూర్చున్నారు. "ఎవరయ్యా ఈవిడ?"

"పెద్దింట్లమ్మండి. మాణిక్యాంబ గారి కోడలు. ఎంత వరదొచ్చినా మేకని వదిలి రాదు. వెనక గదిలో గొళ్ళెమేసుక్కూర్చుంటుంది."

మనిషే! ఆయనకి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు కూడా. ఇంట్లో మాటలు పనివాళ్ళెవరో మోసుంటారు, ఎక్కడో ఈవిడ చెవిన పడుంటాయి, అంతే. దెయ్యం లేదు, గియ్యం లేదు. అప్పుడే మనసులో కొత్త బ్యానరు కూడా మొదలైంది — 'వరదలో చిక్కినా వెనుదీయని...'

"భలేదానివమ్మా!" అన్నారు. "రాత్రి ఎన్నెన్ని మాటలన్నావు నన్ను!"

పెద్దింట్లమ్మ ఆయన వైపు అయోమయంగా చూసింది. యుగంధర్ ఇంజన్ తాడు లాగబోతూ ఆగిపోయాడు.

"ఆవిడ మాటలనడమేంటండీ? పెద్దింట్లమ్మ పుట్టు మూగ."

పడవలో ఎవరూ కదల్లేదు. మేక మాత్రం తలెత్తి మేడ వైపు చూసింది. పైన హాలు ఖాళీ. కిటికీ రెక్క ఒకటి మెల్లిగా తెరుచుకుంది.

"భోంచేశారా అండీ?"

"అయ్యిందండీ!" అంది పడవంతా ఒక్క గొంతుతో. అందరికంటే గట్టిగా అరిచింది గున్నేశ్వరరావు గారు.

యుగంధర్ తాడు లాగాడు. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ లాగాడు...

అప్పుడు, ఆయన మొన్న రాత్రంతా ఎదురుచూసిన ఆ రెండో పిలుపు వచ్చింది.

"మొహమాటపడకండి బాబు గారూ... ఇంకా చాలా ఉన్నాయి."