ఏసురాజు మార్చిన స్పాట్

2007 ఆగస్టు. కాకినాడ. మధ్యాహ్నం 3:46.

ఏజెంట్ ఉదయభాస్కర్ సెల్‌ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

‘మీటింగ్ స్పాట్: ఉప్పాడ, పాడుబడ్డ ఐస్ ఫ్యాక్టరీ. 4:00. మార్చినది: ఏసురాజు.’

ఏజెంట్ ఏసురాజు మార్చిలోనే ఉప్పాడ ఒడ్డుకు శవమై కొట్టుకొచ్చాడు. అతని ఫోన్ మాత్రం దొరకలేదు.

“స్పాట్‌ల ప్రోగ్రామ్‌లో అతని లాగిన్ తీసెయ్యలేదాండి?” అడిగాడు భాస్కర్.

ఎరువుల కొట్టు మేడమీద ఉన్న సీక్రెట్ ఆఫీసులో చీఫ్ చంద్రరావు తల దించుకున్నాడు. “ఆ పేరు చెరపడానికి చెయ్యాడలేదయ్యా. ఎవరి స్పాట్ వాళ్లదే కదా, పోయినవాడిది మారితే ఏంటిలే అనుకున్నాను.”

భాస్కర్ ఏజెంట్లకి మీటింగ్ స్పాట్‌లు పంపే ఆ ప్రోగ్రామ్ తెరిచాడు. రూబీ అనే కంప్యూటర్ భాషలో తనే రాశాడు. ఒక లైను దగ్గర చూపు ఆగిపోయింది. ఏజెంటుకి సొంతంగా ఉండాల్సిన స్పాట్‌ని క్లాస్ వేరియబుల్‌గా పెట్టాడు. ఎవరి జేబులో వాళ్లకుండాల్సిన చీటీని గోడమీద బోర్డు చేశాడన్నమాట. ఎవరు మార్చినా అందరికీ మారుతుంది.

ఒక్కొక్కరే ఫీల్డుకి వెళ్లినన్నాళ్లూ అది బయటపడలేదు. మార్చిలో మొదటిసారి ఇద్దరు దిగారు. భాస్కర్ తన స్పాట్‌ని ఉప్పాడకి మార్చుకున్నాడు. యానాం వెళ్లాల్సిన ఏసురాజు ఉప్పాడ వెళ్లాడు. అక్కడ విదేశీ ముఠా కాచుకుని ఉంది, భాస్కర్ కోసం.

“వాణ్ణి నేనే చంపానండి.”

“ఏడవడానికి తర్వాత టైముంది. ఇవాళ ఫీల్డులో ఎవరున్నారు?”

“ఆరుగురు. మార్చి తర్వాత మళ్లీ ఇవాళే ఇంతమంది. ఉప్పాడలో రూతు.”

రూతు ఏసురాజు చెల్లెలు. అన్న పేరు చూస్తే ఆగదు. పట్టుచీరల మూటతో బేరగత్తె వేషంలో ఉంది. డ్యూటీలో ఉన్నప్పుడు కాల్స్ అందవు, సర్వర్ మెసేజ్‌లే అందుతాయి. ప్రోగ్రామ్ సరిచేయడానికి పావుగంట పడుతుంది.

3:58.

భాస్కర్ తన సొంత స్పాట్‌నే మార్చాడు. ‘రావులపాలెం, అరటి మార్కెట్. 6:00.’ ఏసురాజుని చంపిన తప్పు ఈసారి అతని చెల్లెల్ని కాపాడాలి.

ఉప్పాడలో రూతు ఐస్ ఫ్యాక్టరీ గుమ్మంలో కాలు పెట్టబోతోంది. లోపల నల్లకళ్లద్దాల వినీల. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్‌లో మెరిసిన అందగత్తె, ఇప్పుడు ముఠా మనిషి. ఒక చేతిలో పిస్టల్, మరో చేతిలో ఏసురాజు ఫోన్.

రూతు నడుం దగ్గర ఫోన్ వణికింది. చదివి, గిర్రున వెనక్కి తిరిగి, పోతున్న ఆటో ఎక్కేసింది.

వినీల చేతిలో ఫోన్ కూడా వణికింది. బోర్డు అందరిదీ కదా! ఆరుగురూ ఒకేచోట దొరుకుతారని ముఠాతో సహా రావులపాలెం పరుగెత్తింది. అరటి గెలల లారీల్లోంచి, చీఫ్ ముందే పెట్టించిన పోలీసులు దిగి వాళ్లని పట్టుకున్నారు.

మర్నాడు భాస్కర్ ప్రోగ్రామ్ సరిచేశాడు. జరిగిందంతా రూతుకి చెప్పేశాడు.

“ఇప్పుడన్నా ఆ పేరు తీసేద్దామా అమ్మా?” అన్నాడు చీఫ్.

“ఉంచండి సార్. ఇక అన్నయ్య స్పాట్ అన్నయ్యదే. ఎవర్నీ రమ్మనడు.”

భాస్కర్ తలూపాడు. అయినా ఫోన్‌ని మాత్రం బల్లమీద బోర్లించి పెట్టాడు.