ఎనిమిది వేల కొంగలు

కోటేష్ నీళ్లలో మునిగి చనిపోయాడని పోస్టుమార్టం రిపోర్టు. ఇరవై ఏళ్లుగా ఏదుళ్లగుట్ట నేషనల్ పార్కు సరస్సులో టూరిస్టులకు పక్షులు చూపిస్తూ బోటు నడిపినవాడు, ఒడ్డు నుంచి ఒడ్డుకు అవలీలగా ఈదేవాడు! చేపకు ఈత రాదని రాసిస్తే దానికీ సంతకం పెట్టేవాళ్లుంటారు. రిపోర్టు చదివిన ఏజెంట్ సాకిబ్‌కు ఒళ్లు మండిపోయింది.

కోటేష్ అతని మనిషి, రహస్యంగా సమాచారం ఇచ్చేవాడు. జీతం లేదు, ఐడీ కార్డు లేదు. చనిపోవడానికి ముందు రోజు ఫోన్ చేసి, "సాకిబ్ భాయ్, పక్షుల యాప్‌ల ఎవరో దొంగ లెక్కలు పెడుతున్నరు" అన్నాడు. అంతే.

ఖమ్మంలో చీఫ్ ఇన్నయ్య బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"సాక్షి క్రిస్టోఫర్‌ను ఏన్కూరు అవతల సేఫ్ హౌస్‌ల దాచినం. రేపు కోర్టుల నోరిప్పితే ఫారిన్ గూఢచారి రింగ్ మొత్తం లోపలికే. జాగ లీకైతే ఆయన ఖతం. రింగ్ మెసేజ్‌లు ఆ పార్కు నుంచే పోతున్నయ్. కవర్, బర్డ్ వాచర్లు. కొత్త జంట. జెస్సికా నీతోనే వస్తది."

తోటి ఏజెంట్ జెస్సికాతో ప్రేమలో ఉన్న సాకిబ్ లోలోపలే మురిసిపోయాడు. ఆ జంట వేషం నిజం కావడానికి చర్చిలో పెళ్లా, నిఖానా అన్న ఒక్కటే తేలాల్సి ఉంది.

పొద్దున్నే ఇద్దరూ కోటేష్ నడిపిన బోటే ఎక్కారు, తెడ్డు సాకిబ్ పట్టాడు. సాకిబ్ మెడలో బైనాక్యులర్స్, పక్కన ఫ్లాస్క్. ఫ్లాస్క్‌లో పైసగం చాయ్, కిందిసగం సిగ్నల్ జామర్. ఎదురుగా జెస్సికా, నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్. పక్షుల దగ్గరికి ఎరుపు వద్దని కోటేష్ ఎందరికో చెప్పేవాడు.

సరస్సు నడుమ ఆమె ఫోన్ తీసి, చూసిన పక్షుల లెక్క రాసే యాప్‌లో లిస్టు కొట్టింది.

"ఎన్ని చూసినవ్?" అడిగాడు సాకిబ్.

"ఈల బాతులు 1732. కొంగలు 8043."

తెడ్డు ఆగింది. 'పదులుగా చూడాలె భాయ్, వందలుగా రాయాలె' అనేవాడు కోటేష్. ఎగిరే గుంపును చివరి అంకె దాకా ఎవరూ లెక్కపెట్టలేరు.

"ఎనిమిది వేల కొంగలు దిగితే గీ చెరువుల నీళ్లు కనపడతయా, జెస్సీ?"

17.32. 80.43. సేఫ్ హౌస్ జీపీఎస్ అంకెలు. ఆ చుట్టుపక్కల ఉన్నది అదొక్కటే ఇల్లు.

స్కార్ఫ్ కింద నుంచి పిస్టల్ బయటికొచ్చింది. "అప్‌లోడ్ అయితున్నది. కదలకు."

తొంభై శాతం. తొంభై అయిదు.

"ఆఖరి చాయ్ అన్న తాగనియ్యి" అంటూ ఫ్లాస్క్ మూత తిప్పాడు. తొంభై తొమ్మిది దగ్గర అప్‌లోడ్ ఆగిపోయింది. ఆమె చూపు ఫోన్ మీదికి మళ్లిన ఆ ఒక్క క్షణంలో తెడ్డు మణికట్టు మీద పడింది. పిస్టల్ నీళ్ల పాలైంది.

బేడీలు వేస్తూ అడిగాడు. "కోటేష్ నిన్నేం చేసిండు?"

"లెక్కలు దొంగవని పసిగట్టిండు. ఆ ముచ్చట నాకెవరు చెప్పిండ్రు? నువ్వే. వైరా డాబాల చేపల పులుసు తినుకుంట, నవ్వుకుంట."

అది నిజమే. ప్రేమలో నోరు జారింది తను. ప్రాణం పోయింది కోటేష్‌ది. ఒడ్డు చేరేదాకా సాకిబ్ తలెత్తలేదు.

సాయంత్రం ఇన్నయ్య ఫైలు మూశాడు. "క్రిస్టోఫర్ సేఫ్. మన దిక్కు నష్టం నిల్ అని రాసిన. కోటేష్ మన జీతాల లిస్టుల లేడు కదా."

"అవ్ సార్" అన్నాడు సాకిబ్. "వందల్ల రాసేటప్పుడు ఒక్కడు లెక్కకు రాడు."