మేకుకు తగిలించిన బిళ్ళ

శనివారం, దీపాలు పెట్టే వేళ. దిల్‌సుఖ్‌నగర్ సందులోని కిరాయి ఇంట్లో బాలమణవ్వ లోపలి గడియ పెట్టుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మనవరాలి కోసం ఎదురుచూస్తోంది. శ్రీకళది ఎల్బీనగర్ బట్టల గోదాములో ప్యాకింగు పని. పొద్దున ఒళ్ళు పెనంలా కాలుతున్నా వినలేదు. "నాగా పెడితే తీసేస్తరు అవ్వా" అంటూ పోయింది. ముసలిదానికి ఆ మాట పొద్దుటి నుంచీ చెవుల్లోనే ఉంది.

అరవై ఏళ్ళ కిందట ఇంద్రాణి కూడా అదే మాట అన్నది మరి!

అప్పట్లో బాలమణి, ఇంద్రాణి ఇద్దరూ గుండీల కార్ఖానాలో పనిచేసేవాళ్ళు. మనిషికో ఇత్తడి బిళ్ళ. పనిలోకి పోతూ మెడలో వేసుకోవాలి, ఇంటికి పోతూ వాకిట్లో మేకుకు తగిలించాలి. మేకులన్నీ నిండితే లోపల ఎవరూ లేరన్నట్టే. జవాను తాళం వేసేవాడు. ఆ శనివారం ఇంద్రాణి జ్వరంతో బస్తాల వెనక ఒరిగింది.

"నా బిళ్ళ గూడ తగిలియ్యే. లేకుంటే మేస్త్రి ఎతుక్కుంట ఒస్తడు. జర సేపు పండుకొని ఒస్తా."

ఆడవాళ్ళు ఒకరికొకరు అట్లా చేసుకోవడం మామూలే. బాలమణి తగిలించింది.

ఆదివారం కార్ఖానా పక్కనుంచి పోతుంటే లోపల తలుపు కొట్టిన చప్పుడు. "బాలమణీ..." అని పిలుపు. ఇంద్రాణి ఎప్పుడో ఇల్లు చేరి ఉంటుంది, ఇది దెయ్యమే అనుకుంది పిచ్చిది. బతికున్న మనిషిని దెయ్యమనుకుని, చెప్పులు వదిలేసి ఉరికింది. సోమవారం తాళం తీస్తే శవం తలుపుకు ఆనుకుని ఉంది. తాను విన్న సంగతి అవ్వ నేటికీ ఎవరికీ చెప్పలేదు.

కరెంటు పోయింది. ఎక్కడిదో తడిసిన గోనెల వాసన... ఇంట్లో గోనె సంచే లేదు.

టక్... టక్...

స్నానాల గది తలుపు. లోపలి నుంచి.

"అవ్వా... తియ్యి..."

శ్రీకళ గొంతు! శ్రీకళ ఇంకా ఇల్లు చేరనే లేదు.

 అవ్వ పారిపోలేదు. "దయ్యమైతే దయ్యమాయె. ఈపారి తీస్తా" అని గొణుక్కుంటూ గడియ లాగింది. లోపల ఎవరూ లేరు.

ఫోను మోగింది.

"అవ్వా... గోదాంల పండుకున్న... లేసేసరికి తాళమేసిండ్రు. కొట్టి కొట్టి చేతులు వాసినయ్. ఛార్జింగు అయిపోతుంది..."

"మనిషున్నదని చూడలేదా బిడ్డా?"

"పోయేటప్పుడు టోకెన్ మేకుకు తగిలియ్యాలె. నాది తగిలిస్తనని ఒకామె తీస్కపోయింది. కొత్తామె. ఇంద్రాణట... నువ్వు ఎరికేనన్నది."

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. ఏ గోదాము? ఏ సందు? అవ్వ ఒక్కనాడూ అడగలేదు. రేపు ఆదివారం.

ఎవరినైనా పిలుద్దామని గోడ పట్టుకుని వాకిలి దాకా వచ్చింది. తాను పెట్టుకున్న లోపలి గడియ అట్లాగే ఉంది. పక్కన తాళంచెవుల మేకుకు చేయి తగిలింది.

తాళంచెవులతో పాటు ప్లాస్టిక్ టోకెను వేలాడుతోంది. నంబరు తప్ప దానిమీద గోదాము పేరు కూడా లేదు. ముట్టుకుంటే జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది.