పుడ్డింగు కలిపిన చెయ్యి

క్రిస్మస్ పుడ్డింగు మా ఇంటికి దొరల దగ్గర నుంచి వచ్చిన వంట. మా తాతమ్మ రాహేలమ్మ గోదావరి ఒడ్డున ఒక మిషన్ బంగళాలో వంట చేసేది. అక్కడి దొరసానిగారు ఇంగ్లండులో తన తల్లి చేసే పద్ధతి ఆవిడకి నేర్పారు. ఆవిడ మా అమ్మమ్మకి, అమ్మమ్మ మా అమ్మకి, అమ్మ నాకు. దొరలు అందులో పశువుల కొవ్వు తురిమి వేస్తారట. మేము నెయ్యి వేస్తాం. సారా బదులు ద్రాక్షరసం పోస్తాం. రొట్టె పొడి, బెల్లం, ఎండుద్రాక్ష, నారింజ తొక్క, జాజికాయ... అన్నీ కలిపి పింగాణీ గిన్నెలో కూరి, పైన గుడ్డ కట్టి, మరిగే నీళ్ళలో గంటల తరబడి ఉడికించాలి. ఆ తర్వాత క్రిస్మస్ దాకా ముట్టుకోకూడదు.

గుడ్డ కట్టే ముందు ఒక ఆచారం ఉంది. ఇంట్లో ప్రతివాళ్ళూ తెడ్డు పట్టుకుని తూర్పు నుంచి పడమరకి ఒక్కసారి తిప్పాలి, బాలయేసుని చూడడానికి తూర్పు దేశపు జ్ఞానులు నడిచి వచ్చిన దారిలాగా. తిప్పుతూ తమ పేరు తామే చెప్పుకోవాలి. "ప్రభువా, నేను ఫలానా. ఈ బల్ల దగ్గర నాకు చోటు ఉంచు" అని. ఒకరి పేరు ఇంకొకరు చెప్పకూడదు. ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళు వద్దన్నారు, మేము మానేశాం, అంతే.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో మా అమ్మాయి జెనిఫర్ ఇంట్లో ఉంటున్నాను నేను. నవంబరు చివర ఇక్కడ సాయంత్రమన్నది ఉండదు. మధ్యాహ్నం దాటుతుండగానే చీకటి. ఆ ఆదివారం సన్నగా వాన కూడా పడుతోంది. మా అల్లుడు షాలేం రాజు చర్చి అయ్యాక పాస్టరుగారిని ఎడిసన్‌లో దించి వస్తానని వెళ్ళాడు.

"ఇదేం స్వీటమ్మా బాబూ!" అంది జెనిఫర్ తెడ్డు తిప్పుతూ. "ఇవాళ వండి వచ్చే నెల తినడం! ఈలోగా నేను ఇంకో డిగ్రీ చదివేస్తా."

"నోరు మూసుకుని పేరు చెప్పవే."

"నోరు మూసుకుని ఎలా చెప్పనే?"

అబిగేల్ పకపకా నవ్వింది. నా మనవరాలు. ఫస్ట్ గ్రేడ్. తన వంతు వచ్చేసరికి తెడ్డు కదలక, "అమ్మమ్మా, ఇది సిమెంటా?" అంది. నేను చెయ్యి ఆనించబోతే ఒప్పుకోలేదు. మొత్తానికి తిప్పి, పేరు చెప్పింది. జెనిఫర్ స్నానానికని పైకి వెళ్ళింది.

అల్లుడు వచ్చాక అతని వంతు కూడా అయితే గుడ్డ కట్టేద్దామని కూర్చున్నాను. కాసేపటికి వంటింటి గుమ్మంలో అలికిడైంది. తలెత్తి చూశాను. వచ్చేశాడు. నెత్తిన జాకెట్ టోపీ, దాని అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా వైపు వీపు పెట్టి గిన్నె దగ్గర నిలబడ్డాడు.

"వచ్చావా బాబూ? నీదే ఆలస్యం. తిప్పు."

తెడ్డు తీసుకున్నాడు. అబిగేల్‌కి సిమెంటులా తగిలిన ఆ ముద్ద అతని చేతి కింద నీళ్ళలా తిరిగింది. చప్పుడే లేదు. అప్పటిదాకా ఇల్లంతా నారింజ, జాజికాయ వాసన. ఒక్కసారిగా అది పోయింది. తడిమట్టి వాసన... చాలా రోజులు మూసి ఉంచిన గది వాసన.

"పేరు చెప్పు బాబూ."

మాట్లాడలేదు. మామూలుగా అయితే ఈపాటికి నన్ను ఏదో ఒకటి అని నవ్వించేవాడు. అలసిపోయాడేమో అనుకున్నాను. పొద్దున్నుంచీ డ్రైవింగే కదా.

"పోనీలే, నేనే చెప్తాను. ప్రభువా, ఇతను షాలేం రాజు. ఈ బల్ల దగ్గర ఇతనికి చోటు ఉంచు. ఆమేన్."

తెడ్డు ఆగింది. మెల్లిగా దాన్ని అంచుకి ఆనించి, తల తిప్పకుండా ముందు గదిలోకి వెళ్ళాడు. "డాడీ!" అంటూ అబిగేల్ వెనకే పరిగెత్తింది.

నేను గుడ్డ కట్టి, గిన్నెని నీళ్ళలో దించాను. నీళ్ళు మరగడం మొదలైంది. గిన్నె అడుగున టక్... టక్... అని కొట్టుకుంటోంది.

ఫోన్ మోగింది.

"అత్తయ్యా, కాలనీలోకి వచ్చేశాను. ట్రాఫిక్ చంపేసింది. నా వంతు ఉంచారా, నేను లేకుండానే మూట కట్టేశారా?"

షాలేం రాజు గొంతు.

"బాబూ... నువ్వు... ఇంటికి రాలేదూ?"

"ఇదిగో, పార్క్ చేస్తున్నా. ఏమైంది అత్తయ్యా?"

ఫోన్ చేతిలోంచి జారింది. గోడ పట్టుకుని ముందు గది దాకా నడిచాను. దీపం వేసి లేదు. సోఫాలో టోపీ పెట్టుకున్న ఆ వీపు. ఒళ్ళో నా మనవరాలు.

"అబీ..." చెయ్యి చాపాను. "అబీ, ఇలా రా తల్లీ."

"ఆగు అమ్మమ్మా. డాడీ అందరి నేమ్స్ మర్చిపోయాడు. నేను చెప్తున్నా. నీది చెప్పేశా. మమ్మీది చెప్పేశా."

"నీది...?"

"నాది లాస్ట్."

"చెప్పకు! చెప్పకు నా తల్లీ... ఇలా వచ్చెయ్."

రాబోయింది. రాలేకపోయింది. దాని మణికట్టు మీద వేళ్ళున్నాయి. బిగించి పట్టుకున్నట్టు లేవు. ఊరికే ఆనించినట్టున్నాయి. అయినా అది కదల్లేకపోతోంది. అరుద్దామంటే... అరిస్తే దాన్ని ఏం చేస్తాడో? "మహోన్నతుని చాటున" అని మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి నిద్రలో కూడా చెప్పగలిగిన కీర్తన. రెండో మాట రాలేదు.

డోర్‌బెల్ మోగింది.

కన్నతండ్రి వచ్చాడు, బిడ్డని అతనే విడిపించుకుంటాడు... అనుకుని తలుపు వైపు పరిగెత్తాను. తెరిచాను. వానలో షాలేం రాజు. అదే మొహం, అదే గెడ్డం, చేతిలో కారు తాళం. ప్రాణం లేచి వచ్చింది. అయినా, ఒక్కసారి మోసపోయిన దాన్ని. గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాను.

"నీ పేరు చెప్పు బాబూ."

"ఇదేం పరీక్ష అత్తయ్యా?" నవ్వాడు. "నేను..."

ఆగాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. నవ్వు పోయింది. చీకట్లో మెట్టు కోసం కాలు చాపి, అక్కడ మెట్టు దొరకని మనిషిలా నా మొహంలోకి చూశాడు.

"అత్తయ్యా... మీరు నన్ను ఏమని పిలుస్తారు?"

చెబుదామని నోరు తెరిచాను. ఆ పేరు నాకు తెలుసు. కానీ ఒకసారి ఇచ్చేసిన పేరుని మళ్ళీ ఇంకొకరికి ఎలా ఇవ్వాలో నా నోటికి తెలియలేదు.

పైన బాత్రూమ్ తలుపు తెరుచుకున్న చప్పుడు.

"రాజూ!" జెనిఫర్ కేక వేసింది. "నా టవల్ ఎక్కడ పెట్టావోయ్?"

నా ఎదురుగా ఉన్న మనిషి, ఎవర్నో పిలుస్తున్నారన్నట్టు పక్కకి చూశాడు.

"ఆ... తెస్తున్నా జెన్నీ."

మా అల్లుడి గొంతే. సోఫా వైపు నుంచి.

వెంటనే అబిగేల్ గొంతు, ఎంతో బుద్ధిగా, "ఇప్పుడు నా టర్నా డాడీ?"