ఏడో నంబరు సొరంగంలో కాపలా

మా బేయ్‌గాన్ దీవిలో ఏడో నంబరు సొరంగానికున్న చెడ్డపేరు ఇంకే చోటికీ లేదు. చీకటిపడ్డాక అందులో అడుగుపెడితే, సగం దూరంలో, వంపు దగ్గర, ఒక గొంతు వినిపిస్తుందట — “ఆగు! సంకేతం చెప్పు!” అని. చెప్పలేకపోతే తుపాకీ బిగించిన చప్పుడట. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. విన్నవాళ్ళెవరూ బతికి లేరు, బతికున్నవాళ్ళెవరూ వినలేదు. అయినా సరే, పొద్దుగూకాక అటు పోయిన మనిషి మా ఊళ్ళో లేడు.

రాత్రిపూట పామును పురుగు అన్నట్టు, మేం చచ్చాక తిరిగేవాళ్ళను ఆ పేరుపెట్టి పిలవం. “అన్నలు” అంటాం. అన్నలకు సిగరెట్లు వెలిగించి పెడతాం, బిస్కెట్లు పెడతాం. ఖాళీ గదిలోకి వెళ్ళేముందు తలుపు తట్టి, “వస్తున్నామండీ, ఏమీ అనుకోకండి” అంటాం. ఇందులో సగం మర్యాద బతికున్నవాళ్ళకు చేస్తే ఊళ్ళో తగాదాలే ఉండవు.

నేను రేవులో చేపల నూడుల్స్ అమ్ముకుంటాను. ఈ కథ నాకు చెప్పింది బావ్‌లియెన్. మూడుసార్లు చెప్పింది — మొదటిసారి ఏడుస్తూ, రెండోసారి వణుకుతూ, మూడోసారి వచ్చేవాళ్ళకు పక్కలు వేస్తూ.

బావ్‌లియెన్ మొగుడు పోయి ఆరేళ్ళు. ఊరి చివరున్న రాతి ఇంటిని బాగుచేయించి, మూడు గదుల్లో యాత్రికులకు బస పెట్టింది. కానీ ఎవరొస్తారు? వచ్చినవాళ్ళంతా ఓడ దిగి నేరుగా పక్క ఊరికి పోతారు. అక్కడ పడవలెక్కించి ‘నీలి కన్నీళ్ళు’ చూపిస్తారు. వేసవిలో, వెన్నెల లేని రాత్రుల్లో, అల విరిగినచోటల్లా నీళ్ళు నీలంగా వెలుగుతాయి. దానికే ఆ పేరు. నిజం చెప్పాలంటే అవి అన్నిటికన్నా బాగా కనిపించేది మా ఊరికి అవతల, సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన గొందిలో. కానీ గొందికి దారి ఆ సొరంగం ఒక్కటే. సొరంగంలో అన్న ఒకడు.

“ఈ వేసవికి గదులు నిండకపోతే ఇల్లు మూసేసి తావ్‌యువాన్ వచ్చెయ్ వదినా,” అని ఆడపడుచు ఫోన్లో తేల్చిచెప్పేసింది. తైపే పక్కన పట్నం, ఆ తావ్‌యువాన్‌లో ఏముంది? నాలుగో అంతస్తు, బట్టలుతికే మిషను పక్కన మంచం, కిటికీ తీస్తే ఎదుటివాళ్ళ కిటికీ. మొగుడి సమాధి ఇక్కడ కొండ మీద, తనేమో అక్కడ. ఆ మాట తలుచుకుంటే బావ్‌లియెన్‌కు అన్నం సయించేది కాదు.

అలాంటి సమయంలో, మే నెలలో, తైపే నుంచి డింగ్ అనే కుర్రాడు దిగాడు. యాత్రల పత్రికకు రాస్తాడు. ఉండేది ఒక్క రాత్రి. అతను నాలుగు మంచి ముక్కలు రాస్తే గదులు నిండుతాయి, లేకపోతే తావ్‌యువానే.

పాపం, బావ్‌లియెన్ ఊరంతా తిప్పింది. గాలికి ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టిన పెంకుల కప్పులు చూపించింది. సముద్రం ఒడ్డుకు తోసిన ఎవరిదో శవాన్ని పూడ్చి, గుడి కట్టి, దేవుణ్ణి చేసుకున్న చోటు చూపించింది. సముద్రపు పక్షులు గుడ్లు పెట్టే రాతిదిబ్బ చూపించింది. డింగ్ ఫోటోలు తీశాడు, ఆవలించాడు.

రాత్రి భోజనానికి ఎర్ర సారా పిప్పితో వండిన చేప పెట్టింది. రెండోసారి వడ్డించుకుని మరీ అన్నాడు — “బాగుంది ఆంటీ. కానీ ఇలాంటివి వేరేచోట్ల కూడా చూశాను. ఇక్కడ మాత్రమే ఉండేది ఇంకేమైనా ఉందా?”

బావ్‌లియెన్ ఇంకో చేప ముక్క వడ్డించింది.

బల్లకు ఆ చివర యీషుయ్ కూర్చుని సారా చప్పరిస్తున్నాడు. బావ్‌లియెన్‌కు చిన్నమామగారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. సొరంగం కథ ఊళ్ళో ఎవరు ఎవరికి చెప్పినా, మొట్టమొదట విన్నది ఈయన నోటే.

“కొండ కింద ఇనపగేటు ఒకటి చూశాను, అదేంటి?” అన్నాడు డింగ్.

“అందులో ఏమీ లేదు,” అన్నాడు యీషుయ్ ఠక్కున. “ఎవరూ లేరు. అక్కడ ఎవరూ చచ్చిపోలేదు.”

“చావు గురించి నేనడగలేదే తాతగారూ…”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ముసలాయన మొహం పాలిపోయింది. డింగ్ మొహం మాత్రం ఆ రోజుకు మొదటిసారి వెలిగింది.

ఇక ఆపడం ఎవరి తరం? యీషుయ్ పాములన్నాడు, కప్పు రాలుతోందన్నాడు, ఆటుపోట్లు బాగాలేవన్నాడు. చివరికి కోడలి చెయ్యి పట్టుకుని గొణిగాడు — “అమ్మాయ్… వద్దే. నీకు దణ్ణం పెడతా.”

“వద్దంటే రేపు ఓడెక్కిపోతాడు మామయ్యా. వచ్చే నెల నేనూ ఎక్కాలి.”

పదిగంటలకు బావ్‌లియెన్, డింగ్ ఇద్దరూ బయల్దేరారు. వెన్నెల లేదు. గేటు దగ్గర బావ్‌లియెన్ ఒక సిగరెట్టు వెలిగించి రాతి మీద పెట్టింది. ఇనపకమ్మిని మూడుసార్లు తట్టి, “వస్తున్నాం అన్నా… చూసి వెళ్ళిపోతాం…” అంది. డింగ్ ఇదంతా ఫోనులో రాసుకున్నాడు.

లోపల నేల తడి. కప్పు నుంచి నీటిబొట్లు. టార్చిలైటు వెలుగు నాలుగడుగులు దాటి పోవడం లేదు. యాభై అడుగులు… వంద… గోడ ఎడమకు తిరుగుతోంది. వంపు వచ్చింది. అక్కడ గోడలో ఒక గూడు ఉంది, కాపలావాడు నిలబడేంత.

టార్చి ఆరిపోయింది.

“ఆగు!”

అది కుర్రగొంతు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నవాడి గొంతు.

“సంకేతం చెప్పు…”

“అబ్బ!” అన్నాడు డింగ్, సంబరంగా. ఆమె చెవిలో గుసగుసలాడాడు. “ఆంటీ, ముందే చెప్పొచ్చుగా! రోజూ ఉంటుందా ఈ ఆట? ఆ కుర్రాడెవరు, మీ ఊరివాడేనా?”

ఆమె అతని నోరు మూయబోయింది.

టక్… టక్. చీకట్లో తుపాకీ బిగించిన చప్పుడు.

“సంకేతం చెప్పు… లేకపోతే కాలుస్తా…”

“నాకు తెలీదు బాబూ, కాల్చెయ్!” అని నవ్వాడు డింగ్.

సరిగ్గా అప్పుడే వెనక చెప్పుల చప్పుడు. ఎవరో పరుగులాంటి నడకతో, గోడ తడుముకుంటూ, రొప్పుతూ వస్తున్నారు. వచ్చింది యీషుయ్. ఆ సొరంగంలో యాభై ఏళ్ళకు పైగా అడుగుపెట్టని మనిషి, వాళ్ళిద్దరినీ దాటుకుని గూటికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. నడుం నిటారుగా పెట్టాడు. నవ్వుతున్న డింగ్‌కు వినపడనంత మెల్లగా రెండు మాటలు చెప్పాడు.

ఏ రెండు మాటలో బావ్‌లియెన్ నాకు చెప్పలేదు. మూడుసార్లు కథ చెప్పి, మూడుసార్లూ ఆ ముక్క దాటేసింది.

తర్వాత ముసలాయన అన్నాడట — “కాపలా మారాలి. నేనొచ్చాను… నువ్వెళ్ళు.”

నీటిబొట్లు… అంతే. అప్పుడు ఆ కుర్రగొంతు, కోపం లేకుండా, అలిసిపోయి —

“ఇంత ఆలస్యమా అన్నా?”

బరువైన బూట్లు కదిలాయి. ఒక్కో అడుగూ వాళ్ళ పక్కగా, తడిబట్టల వాసనతో, దాటి వెళ్ళింది. ఊరివైపు. గేటు కిర్రుమంది. యీషుయ్ గూటిలో చతికిలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

డింగ్ చప్పట్లు కొట్టాడు.

అతను హాయిగా అవతలి గొందికి వెళ్ళాడు. నీలి కన్నీళ్ళు ఆ రాత్రి ఒడ్డంతా పరుచుకున్నాయి. కావలసినన్ని ఫోటోలు తీసుకుని, వచ్చి పడుకుని గుర్రుపెట్టాడు. మామా కోడళ్ళు మాత్రం తెల్లారేదాకా ఆ గూటి దగ్గరే ఉన్నారు. యీషుయ్ కదలనన్నాడు. తన వంతు కాపలా తెల్లారేదాకానట.

అక్కడే చెప్పాడు. సముద్రానికి అవతలున్న పెద్దనేల తీరంతో యుద్ధం రోజులు. ఊరి మగాళ్ళందరి చేతికీ తుపాకులిచ్చి, సిపాయిలతోపాటు వంతులు వేసేవారు. సంకేతం ఏ రోజుకారోజు మారేది. ఒక చలికాలం రాత్రి, వానలో, గూటిలో నిలబడ్డవాడు పింగ్‌టుంగ్ నుంచి వచ్చిన కుర్ర సిపాయి. అరటితోటల వాడు, చలంటే తెలీదు. అర్ధరాత్రి అతన్ని పంపించి యీషుయ్ నిలబడాలి. యీషుయ్ బయల్దేరేముందు ఒక గ్లాసు సారా తాగాడు. కాస్త వెచ్చబడ్డాక వెళ్దామనుకున్నాడు. ఇంకో గ్లాసు తాగాడు. లేచేసరికి తెల్లారింది.

గూటిలో తుపాకీ గోడకానించి ఉంది. కుర్రాడు లేడు. అల లాక్కుపోయిందో, అవతలి తీరం నుంచి ఈదుకొచ్చినవాళ్ళు పట్టుకుపోయారో… కాలుజారి సముద్రంలో పడ్డాడని రాసేశారు. యీషుయ్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ నెలలోనే సొరంగానికి చెడ్డపేరు వచ్చింది. ఆ పేరు తెచ్చిందెవరో ఇప్పుడు తెలిసిందిగా.

పదిహేను రోజులకు డింగ్ రాసింది అచ్చయింది. గుళ్ళ గురించి ఒక వాక్యం, చేప గురించి సగం వాక్యం. మిగతాదంతా సొరంగమే. ‘ఈ దీవుల్లో ఇంతకన్నా గుండె పిండే నాటకం లేదు. సిపాయి వేషం వేసిన కుర్రాడి గొంతు ఎంతో సహజం. ముసలి నటుడి ఏడుపు మాత్రం కాస్త అతి.’

ఆ వారంలోనే మూడు గదులూ నిండిపోయాయి. జులైదాకా నిండిపోయాయి. ఫోను మోగుతూనే ఉంది. “నాటకం రోజూ ఉంటుందా?”

ఎక్కడి నాటకం? వేషగాడు బూట్లేసుకుని వెళ్ళిపోయాడు కదా. సొరంగంలో నీటిబొట్లు తప్ప మరేం లేవు. వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో తెలీక బావ్‌లియెన్ తల పట్టుకుంటే, యీషుయ్ చెప్పులేసుకున్నాడు. “నీ వాళ్ళకోసం కాదే అమ్మాయ్. యాభై ఏళ్ళ బాకీ కాపలా అది. నేనెలాగూ వెళ్తాను. వాళ్ళు చూస్తే చూడనీ.”

అప్పటినుంచి ప్రతి రాత్రీ వెళ్ళేవాడు. గూటిలో నిలబడి, “ఆగు! సంకేతం చెప్పు!” అనేవాడు. వచ్చినవాళ్ళు “నూడుల్స్!” అనీ, “బీరు!” అనీ అరిచి పడీపడీ నవ్వేవారు. “ఇది ఆట కాదురా!” అని ముసలాయన గద్దిస్తే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టేవారు. ఆడపడుచు ఫోన్ చేసి, “పోన్లే వదినా, అక్కడే ఉండు,” అంది. ఆ రోజు బావ్‌లియెన్ నా కొట్టుకొచ్చి రెండు గిన్నెల నూడుల్స్ తింది.

చాంద్రమానం లెక్కన ఏడో నెల వచ్చింది. అన్నలు ఊళ్ళోకి రావడానికి పాతాళం తలుపులు తెరిచే నెల. ఒక సాయంత్రం యీషుయ్ సారా గ్లాసు పక్కన పెట్టుకుని కాసేపు నడుం వాల్చాడు. కాపలా వేళకు లేపుదామని వెళ్తే ఒళ్ళు చల్లగా ఉంది.

ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను, కళ్ళారా చూశాను. ముసలాయన్ను ముందుగదిలో పడుకోబెట్టాం. దేవుడి పటాలకు కాగితం కప్పాం. అగరొత్తులు వెలిగించి కూర్చున్నాం. ఆ హడావుడిలో, కావ్‌షియుంగ్ నుంచి వచ్చిన ఆరుగురి సంగతి బావ్‌లియెన్ మరిచేపోయింది. వాళ్ళు సాయంత్రమే షికారుకు పోయి, అటునుంచటే సొరంగానికి వెళ్ళారు.

పదకొండింటికి పెరటి తలుపు తోసుకుని వచ్చారు, నవ్వుకుంటూ.

“అదరగొట్టేశారు ఆంటీ, మీ తాతగారు! ఒళ్ళు జలదరించింది!” అంది అందులో ఒక పిల్ల. తర్వాత గొంతు తగ్గించింది. “కానీ ఇవాళ కాస్త ఎక్కువ తాగినట్టున్నారు. సారా వాసన గుప్పుమంది…”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గోడకు ఇవతల యీషుయ్ కాళ్ళు కట్టేసి ఉన్నాయి.

మళ్ళీ వేసవి వచ్చింది. మొన్న ఒక సాయంత్రం చేపలివ్వడానికి వెళ్తే బావ్‌లియెన్ దుప్పట్లు మడతపెడుతోంది. ఇప్పుడు ఐదు గదులు. ఆగస్టుదాకా ఖాళీ లేదు. వాకిట్లో జనం టార్చిలైట్లు పట్టుకుని, ఎవరు ముందు వెళ్ళాలో పందాలు వేసుకుంటున్నారు.

అనకుండా ఉండలేకపోయాను. “పాపం ముసలాయన. ఏడాదవుతోంది. ఆ రెండు మాటలూ ఇప్పుడు తెలిసింది లోకంలో నీకొక్కదానికే కదే. వెళ్ళి చెప్పు. కాపలా ఎత్తేశారు మామయ్యా, ఇంటికి పదమని చెప్పు. ఎంతసేపు పని?”

“చెప్పాలి అక్కా,” అంది, తల ఎత్తకుండా. “పాపం, ఆయనకు చలి కూడా పడదు.”

“మరి ఎప్పుడు?”

దుప్పటి అంచులు కలిపింది. అరచేత్తో ముడత సరిచేసింది.

“ఈ సీజను అయిపోనీ,” అంది.